పుస్తకం ఉంటే చాలదు.. దొరకాలి

విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి కంప్యూటర్ వ్యవస్థను రూపొందించడంలో అసలు కష్టం ఎక్కడుంది?

గన్నవరం: ఒకే విశ్వవిద్యాలయం. వేర్వేరు జిల్లాల్లో కళాశాలలు. గన్నవరంలో చదివే విద్యార్థికి అవసరమైన పుస్తకం తిరుపతిలోని అలమరాలో ఉందనుకుందాం. మధ్య దూరం సుమారు 400 కిలోమీటర్లు. ఆ పుస్తకం అక్కడ ఉన్న సంగతే ఇక్కడివారికి తెలియకపోతే దానిని కొన్నా కొననట్లే లెక్క. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు కంప్యూటర్ వ్యవస్థ ఎందుకన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం లేదు.

గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998లో ఏర్పడింది. అప్పట్లో అది ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పాటయ్యాక దాని కిందకు వచ్చింది. ప్రొద్దుటూరు, గరివిడిలోనూ ఈ విశ్వవిద్యాలయానికి కళాశాలలున్నాయి. ఆయా గ్రంథాలయాల పనితీరును తూచడం ఈ కథనం ఉద్దేశం కాదు. ఇలా పలుచోట్ల విస్తరించిన సంస్థకు కొత్తగా ఒక వ్యవస్థను రూపొందించాల్సి వస్తే ఏమేమి ఆలోచించాలో వివరించేందుకు మన ముంగిట ఉన్న ఉదాహరణ ఇది.

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ చేసే పనులు స్థూలంగా అందరూ ఊహించగలిగినవే. పుస్తకాల కొనుగోలు, సూచీ తయారీ, పాఠకులకు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, పత్రికల రాక నమోదు, పాఠకుడు ఇంటి నుంచే వెతుక్కునేందుకు ఒక తెర. అమ్మేవారు వచ్చి ప్రదర్శించేవన్నీ ఈ తెరల అందచందాలే. గేటు దగ్గర కూతపెట్టే యంత్రం, పది పుస్తకాలను ఒకేసారి చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ పలక చూడముచ్చటగా ఉంటాయి. అయితే వ్యవస్థ నిలబడేదీ, కూలబడేదీ వీటి వల్ల కాదు. ఒక్కో పుస్తకం గురించి రాసుకునే నాలుగు వరుసల వివరం సరిగా ఉందా, లేదా అన్నదానిపైనే అంతా ఆధారపడి ఉంటుంది.

ఈ విలేకరి డిగ్రీ చదివిన రోజుల్లో కళాశాల గ్రంథాలయంలో చెక్క సొరుగులు, వాటినిండా కార్డులు ఉండేవి. తెలుగు అకాడమీ వారి అర్థశాస్త్ర పుస్తకం ఒకటి కార్డులో కనిపించింది గానీ అరలో కనిపించలేదు. ‘ఎవరో తీసుకెళ్లి ఉంటారు’ అన్నాడు అటెండరు. పరీక్షలు ముగిసిన తర్వాత వాణిజ్యశాస్త్రం అరలో అది బయటపడింది. కార్డుపై 330 అని ఉంటే, పుస్తకం వెన్నుపై 380 అని రాశారు. ఒక్క అంకె తేడాతో ఏడాదంతా ఆ పుస్తకం లేనిదైంది. కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఈ తప్పు పోదు. తప్పు అంకెను అది మరింత వేగంగా, మరింత మందికి చూపుతుంది. అంతే.

పేరు ముందా.. ఇంటిపేరు ముందా?

పుస్తకాల వివరాలు నమోదు చేసేందుకు ప్రపంచవ్యాప్తంగా ‘మార్క్ 21’ అనే పద్ధతి వాడుకలో ఉంది. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దీనికి బీజం పడింది. ఇందులో ప్రతి వివరానికీ ఒక గడి, ఆ గడికో సంఖ్య ఉంటాయి. రచయిత పేరు 100లో, పుస్తకం పేరు 245లో రాయాలి. వినడానికి సులువే. తెలుగు పేర్ల దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది.

పాశ్చాత్యుల్లో ఇంటిపేరు చివర వస్తుంది. మనకు ముందు వస్తుంది. ఈ తేడా తెలియని ఉద్యోగి చివరి మాటనే ఇంటిపేరుగా భావించి విశ్వనాథ సత్యనారాయణను ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని తిరగేస్తాడు. మరో కళాశాలలోని ఉద్యోగి సరిగానే ‘విశ్వనాథ సత్యనారాయణ’ అని రాస్తాడు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసేచోట ‘విశ్వ’కే మూడు రకాల వర్ణక్రమాలు వస్తాయి. కంప్యూటర్ దృష్టిలో వీరందరూ వేర్వేరు రచయితలు. ఇక ‘రావు’లను చివరి మాటతో చేరిస్తే జిల్లాలోని సగం మంది రచయితలు ఒకే కుప్పలో పడతారు.

దీనికి విరుగుడు ఉంది. ప్రతి రచయితకూ ప్రామాణికమైన రూపం ఒకటి నిర్ణయించి, మిగిలిన రూపాలన్నింటినీ దానికి ముడివేసే విడి పట్టిక తయారు చేయాలి. అప్పుడు పాఠకుడు ఏ రూపంతో వెతికినా ఒకే చోటికి చేరతాడు. నాలుగు కళాశాలలకూ ఈ పట్టిక ఒకటే ఉండాలి. ఎవరికివారు తయారు చేసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. సాఫ్ట్‌వేర్ టెండరు పత్రంలో ఈ పట్టిక గురించి ఒక్క వాక్యమైనా ఉన్నదా అని చూడండి. లేకపోతే ఆ పత్రం రాసినవారు తెలుగు పుస్తకాలను లెక్కలోకి తీసుకోలేదని అర్థం.

కంటికి ఒకటే.. కంప్యూటర్‌కు రెండు

పత్రికలకు వార్తలు టైపు చేసి పంపేవారికి పాత ఫాంట్ల బాధ కొత్త కాదు. తెరపై తెలుగులా కనిపించినా, యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసింది లోపల ఇంగ్లిషు గుర్తుల కలగాపులగమే. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. గ్రంథాలయ సూచీని అలా టైపు చేయిస్తే అచ్చుకు పనికొస్తుందేమో గానీ వెతుకులాటకు పనికిరాదు. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ నుంచే తెలుగుకు స్థానం ఉంది. కనుక ఇంకా పాత ఫాంట్లను పట్టుకు వేలాడటానికి కారణం లేదు.

యూనికోడ్‌లోనూ చిన్న మెలిక ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు విడిగా కనిపించేందుకు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు. ఒకరు పెట్టి, మరొకరు పెట్టకుండా టైపు చేస్తే, ఆ గుర్తును వదిలేయమని ముందే చెప్పని పక్షంలో వెతుకులాట విఫలమవుతుంది. అకారాది క్రమమూ అంతే. మన నిఘంటువుల్లో ‘ళ’ అక్షరం ‘హ’ తర్వాత వస్తుంది. యూనికోడ్ సంఖ్యల వరుసలో ‘ల’ పక్కనే ఉంటుంది. తెలుగు వరుసను ప్రత్యేకంగా ఏర్పాటు చేయాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మొదట అడగకపోతే మాత్రం తర్వాత ఎవరూ చేయరు.

రోగం ఒకటే.. పేర్లు ఎన్నో

పశువైద్య గ్రంథాలయానికి మరో అవసరం ఉంది. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి పొదుగువాపు తెలుసు. గాలికుంటు తెలుసు. పాఠ్యపుస్తకాల్లో అవి మాస్టైటిస్, ఫుట్ అండ్ మౌత్ డిసీజ్. గేదెలకు ప్రాణాంతకమైన గొంతువాపును కొన్ని ఊళ్లలో గురక వ్యాధి అంటారు. ఏ మాటతో వెతికినా ఒకే పుస్తకాల జాబితా రావాలంటే విషయాల పేర్లకూ ముడులు వేసిన పట్టిక కావాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహిస్తున్న ‘ఆగ్రోవాక్’ అనే బహుభాషా పదపట్టికలో తెలుగు కూడా ఉంది. దానిని ఆధారం చేసుకుని మన ప్రాంతపు మాటలు చేర్చుకుంటే సరిపోతుంది. పట్టణాల విశ్వవిద్యాలయాలకు ఇది అలంకారం కావచ్చు. ఇక్కడ మాత్రం తప్పనిసరి.

పాత రిజిస్టర్లతోనే అసలు పని

1970లో ప్రపంచ ప్రమాణంగా స్థిరపడిన ఐఎస్‌బీఎన్ సంఖ్య మన దేశంలో 1985 నుంచి అమలులోకి వచ్చింది. ఆ సంఖ్య ఉన్న ఇంగ్లిషు పుస్తకాల వివరాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల నుంచి క్షణాల్లో తెచ్చుకోవచ్చు. పాత తెలుగు పుస్తకాలకు, పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలకు ఆ సౌలభ్యం లేదు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, పేరు పేజీ చూసి టైపు చేయాల్సిందే. 30,000 పుస్తకాలున్నాయనుకుందాం. ఇద్దరు ఉద్యోగులు రోజుకు చెరి 50 చొప్పున చేసినా 300 పనిదినాలు పడుతుంది. అంటే దాదాపు ఏడాది.

దీనిని పుస్తకానికి ఇంత అని గుత్తకు ఇస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. రిజిస్టరు చూసి టైపు చేస్తారు గానీ పుస్తకం తెరవరు. రిజిస్టరులోని తప్పులన్నీ యథాతథంగా కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే. పరిమితమైన నిధులుంటే ఆర్‌ఎఫ్‌ఐడీని పక్కనబెట్టి బార్‌కోడ్‌తో సరిపెట్టుకోవచ్చు. నమోదులో మాత్రం పొదుపు తగదు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే అంత బెంగ అక్కర్లేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ రూపొందించిన ‘సోల్’ మూడో రూపం 2021లో వచ్చింది. జాతీయ సమాచార కేంద్రం వారి ‘ఈ-గ్రంథాలయ’ ఉంది. ఉచితంగా దొరికే ‘కోహా’ కథ ఆసక్తికరమైనది. 2000 సంవత్సరం రాగానే పాత సాఫ్ట్‌వేర్ తేదీలు తప్పుతాయన్న భయంతో న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయం దీనిని తయారు చేయించుకుని, అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. దీనిలో తెలుగు వెతుకులాట సరిగా సాగాలంటే స్థాపించేటప్పుడే సూచికకు ‘ఐసీయూ’ పద్ధతిని ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా, కావాలనుకున్నప్పుడు మొత్తం వివరాలను మార్క్ రూపంలో బయటకు తీసుకునే హక్కు విశ్వవిద్యాలయం చేతిలో ఉండాలి. లేకుంటే నిర్వహణ ఒప్పందం ముగిసిన రోజున సూచీ కూడా కంపెనీతోనే వెళ్లిపోతుంది.

విదేశీ పత్రికల కోసం కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకంలో ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. గ్రంథాలయ తెరలో పుస్తకంతోపాటు ఈ వ్యాసాలూ కనిపించకపోతే అవి ఉన్నాయని విద్యార్థికి తెలిసే దారి లేదు.

వరద వచ్చినా నిలవాలి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలను రోజుల తరబడి ముంచెత్తడం పాఠకులు మరచి ఉండరు. సర్వర్‌ను నేల అంతస్తులో పెట్టి, నకలును కూడా అదే గదిలో ఉంచితే రెండూ కలిసే పోతాయి. గన్నవరం నకలు తిరుపతిలో, తిరుపతి నకలు గన్నవరంలో రోజూ రాత్రి చేరేలా ఏర్పాటు చేయడం ఇలాంటి విశ్వవిద్యాలయానికి సహజంగా అబ్బిన వెసులుబాటు. విద్యుత్తు, ఇంటర్నెట్ లేని గంటల్లో కౌంటరు ఆగకుండా, ఇచ్చిన పుస్తకాలను విడిగా నమోదు చేసి తర్వాత కలిపే సౌకర్యమూ ఉండాలి.

వేరే ప్రాంగణంలోని పుస్తకాన్ని తెప్పించే పద్ధతినీ వ్యవస్థలోనే పొందుపరచాలి. విద్యార్థి తెరపై కోరితే అక్కడి ఉద్యోగికి సమాచారం అందాలి. పుస్తకం ఆర్టీసీ పార్శిల్‌లో బయలుదేరిందా, చేరిందా అన్నది నమోదు కావాలి. 1935లో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్లకు పంపిన డెల్టా ఇది. పుస్తకం పాఠకుడి వద్దకు వెళ్లడం ఇక్కడివారికి వింత కాదు.

వ్యవస్థ మొదలయ్యాక దాని నిజాయతీని తేల్చేది తనిఖీయే. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017 ప్రకారం 20,000 లోపు పుస్తకాలుంటే ఏటా, 50,000 వరకు ఉంటే కనీసం మూడేళ్లకోసారి పూర్తిగా లెక్కచూడాలి. బార్‌కోడ్ యంత్రంతో అరలు చదివితే రెండు జాబితాలు వస్తాయి. నమోదులో ఉండి అరలో లేనివి మొదటిది. దాని గురించి అధికారులు అడుగుతారు, వివరణలు రాస్తారు. అరలో ఉండి నమోదులో లేనివి రెండోది. దాని గురించి అడిగేవారు ఉండరు. విద్యార్థి ఏళ్ల తరబడి వెతికి ‘లేదు’ అనుకున్న పుస్తకాలు ఉండేది ఆ జాబితాలోనే. తొలి ఏడాది తనిఖీలో ముందుగా దానినే తెరిచి చూడాలి.