బెదిరిన చేప



చెరువులో వదిలిన రోజున చలాకీగా ఉన్న చేప పిల్ల, నాలుగోనాడు తెల్లవారేసరికి గట్టువారన తేలియుండుట మీలో చాలామంది చూసే ఉంటారు. పోయిన వర్షాకాలంలో కొల్లేటి పక్కన ఒక గ్రామంలో నేనూ చూశాను. ఆ రైతు అప్పుచేసి శీలావతి పిల్లను లారీలో తెప్పించారు. మొదటి రెండురోజులూ ఒక్కటి చావలేదు. తర్వాత మాత్రం రోజూ గంపెడేసి ఏరి పాతిపెట్టవలసి వచ్చింది.

"నీళ్లలో ఏదో ఉందండీ. లేకపోతే పిల్ల అమ్మినవాడు తెగులు పిల్లనిచ్చాడు" అన్నారాయన.

నీరు పరీక్షించాము, దోషం కనబడలేదు. అమ్మినవారిపై తగవు పెట్టబోయేముందు ప్రయాణం సంగతి అడిగాను. పట్టుబడి నాటి ఉదయం కూడా పిల్లకు మేత వేశారట. వల రెండుమార్లు లాగారట. లారీ దారిలో ఎండన ఆగిపోయిందట. వచ్చీరాగానే మిట్టమధ్యాహ్నం తొట్టెలోని పిల్లను చెరువులోకి గుమ్మరించేశారు. చావుకు విత్తనం ఆ రోజే పడిందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

వల తగిలినా, ఊపిరాడకపోయినా, నీరు హఠాత్తుగా వేడెక్కినా చేప శరీరంలో ముందుగా కదిలేవి హార్మోనులు. ఇవి రక్తంలో కలిసి అవయవాలకు కబురు మోసుకుపోయే రసాలు. మొదటి కబురు అడ్రినలిన్. ఇది క్షణాలలో బయలుదేరును. గుండె గట్టిగా కొట్టుకొంటుంది, మొప్పలలోకి రక్తం ఎక్కువగా పారుతుంది. ప్రాణవాయువు అందుకొనుటకు ఇది మంచిదే గాని, ఇందులో ఒక నష్టమున్నది. మంచినీటి చేప రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలో కంటె ఎక్కువ. మొప్పలు బార్లా తెరచిన తలుపులైనప్పుడు నీరు లోనికి చొచ్చుకువస్తుంది, ఉప్పు బయటికి కారిపోతుంది.

రెండవ కబురు కాస్త నెమ్మది. మెదడు అడుగునున్న హైపోథాలమస్ అనే భాగం పీయూష గ్రంథికి చెబుతుంది. పీయూష గ్రంథి తన హార్మోనును రక్తంలోకి పంపుతుంది. అది పోయి మూత్రపిండం ముందుభాగంలో ఉన్న కణాలను తట్టి లేపుతుంది. ఆవుకూ గేదెకూ ఈ పని కోసం మూత్రపిండం పక్కనే వేరే గ్రంథి ఉన్నది; చేపకు అట్టిది లేదు, ఆ కణాలు మూత్రపిండంలోనే కలిసి ఉంటాయి. వాటినుంచి వచ్చేదే కార్టిసాల్. కొద్ది నిమిషాలలో ఇది రక్తంలో పెరుగును. అందుకే బెదరని చేపలో ఇది ఎంతుందో కొలవాలంటే శాస్త్రజ్ఞులు పట్టిన రెండు మూడు నిమిషాలలోనే రక్తం తీయవలెను. ఆలస్యమైతే పట్టుకొన్న బెదురే లెక్కలోకి వచ్చేస్తుంది!

కార్టిసాల్‌ను విషమనుకోకండి. అది రక్తంలో చక్కెర పెంచి చేపకు సత్తువనిస్తుంది. పోయిన ఉప్పును మొప్పలు మళ్లీ పీల్చుకొనేందుకు తోడ్పడుతుంది. బెదురు ఒక్కసారితో తీరిపోతే సాధారణంగా కొన్ని గంటల నుంచి ఒక రోజులోపల అంతా సర్దుకుంటుంది. బెదురు మీద బెదురు పడినప్పుడే చిక్కు. ఊళ్లో నిప్పంటుకుంటే అందరూ అరకలు వదిలి కడవలతో పరుగెత్తుతారు, అది న్యాయమే. రోజూ అదే కేక వినబడితే దుక్కి ఎవరు దున్నాలి, చేను ఎవరు కాయాలి? చేప ఒంట్లోనూ అంతే. కార్టిసాల్ చాలాసేపు నిలిచియుంటే ఎదుగుదల కుంటుపడును, మేత మీద మనసుపోదు, తెగుళ్లతో పోరాడే తెల్లకణాలు తగ్గిపోవును. చెరువులో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులే అప్పుడు ఎర్రమచ్చలై బయటపడతాయి. వాటికి బలం చిక్కేందుకు కొన్నాళ్లు పడుతుంది గనుక చావు మూడు నాలుగు రోజులు ఆలస్యంగా కనబడుతుంది. మనం నాలుగోనాటి నీటిని తిట్టుకుంటాము.

పీయూష గ్రంథి మాట వచ్చింది గనుక ఇంకొక ముక్క. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవనీటి చెరువులో మామూలుగా గుడ్లు పెట్టవు; వరదనీరు పారితేనే పెడతాయి. ఆ వరద జాడ లేనిదే పీయూష గ్రంథి ఆఖరి ఉత్తరువు ఇవ్వదు. 1957లో ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి గారలు వేరే చేపల పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఆ జ్ఞాపకంగానే జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. ఈ రోజు మన హేచరీలన్నిటికీ మూలం అదే. తల్లిచేపను మాటిమాటికీ వలేసి చూస్తే మాత్రం కార్టిసాల్ అడ్డుపడి సూది పని సగమే చేస్తుంది.

ఇక పిల్లను తెచ్చుకొనే తీరు. పట్టుబడికి ముందురోజే మేత ఆపించండి. వలతో కట్టిన హాపాలో ఒక రోజు ఉంచితే కడుపు ఖాళీ అవుతుంది, కిక్కిరిసి ఉండుట కొంత అలవాటవుతుంది, బలహీనమైనవి అక్కడే తేలిపోతాయి. ప్రయాణం రాత్రిగాని తెల్లవారుజామున గాని పెట్టుకోవాలి. తొట్టెనీటిలో లీటరుకు 2 లేక 3 గ్రాముల రాళ్ల ఉప్పు కరిగిస్తే, మొప్పల గుండా ఉప్పు కారిపోవుట తగ్గును. చెరువు చేరాక తొందరపడకండి. సంచులైతే మూతి విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు చెరువునీటిలో తేలనివ్వండి. తర్వాత చెరువునీరు కొద్దికొద్దిగా కలిపి, పిల్లను తమంతట తాము ఈదిపోనివ్వండి. ఈ పని చల్లవేళనే జరగాలి.

పెద్ద చేపల చెరువులో ముఖ్యమైన బెదురు తెల్లవారుజామునే వస్తుంది. రాత్రంతా నీటిలోని నాచూ చేపలూ కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే మేలు. 3కు తగ్గితే చేపకు ఇబ్బంది మొదలు. ముసురుపట్టిన రోజుల్లో చేప పైకి వచ్చి నోరు తెరిచేదాకా ఏరేటర్ కోసం ఎదురుచూడకండి. అప్పటికి కార్టిసాల్ గంటల తరబడి రక్తంలో తిరుగుతూ ఉంటుంది. అటువంటి ఉదయం తూకం చూద్దామని వల దింపనూకూడదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. చచ్చిన పిల్లను చూడగానే మందు చీటీ రాయకుండా, వారం రోజుల వెనక్కి పోయి అడగండి: వల ఎప్పుడు పడింది, పిల్ల ఎలా వచ్చింది, మబ్బు ఎన్నాళ్లుంది అని.

ఆ రైతు రెండోసారి పిల్లను తెచ్చుకొన్నప్పుడు తాను కూడా లారీ ఎక్కి, రాత్రికి రాత్రి తెచ్చుకున్నారు. మర్నాడు ఫోను చేసి, "సంచిలో తవుడు సాయంత్రానికీ అలాగే ఉందండీ, ఇంకొంచెం పోయమంటారా?" అని అడిగారు. వద్దన్నాను. బెదురు తీరని చేప తినదు, మిగిలిన తవుడు కుళ్లి ఉన్న ప్రాణవాయువును మింగేస్తుంది. సంచి పైకి తీయించి, మూడోరోజు ఉదయం పిడికెడు మేతతో మొదలుపెట్టించాను.