ఉప్పునీటిలో పుట్టు పులుపు
న్యూయార్కు యూదుల దోసకాయ ఊరగాయ

ఊరగాయ అను మాటను విడదీసి చూచినచో అందు రెండు ముక్కలు కనిపించును: ఊరుట, కాయ. మన ఇండ్లలో ఆవకాయకు, మాగాయకు ఈ పేరు చెల్లుచున్నది. అయితే ఈ మాటకు అక్షరాల సరిపోవు వస్తువు మరియొకటి న్యూయార్కు నగరములోని యూదుల భోజనశాలలలో కలదు. ఆ శాలలను 'డెలికటెసెన్' అనియు, క్లుప్తముగా 'డెలి' అనియు పిలుతురు. రై ధాన్యపు రొట్టెముక్కల నడుమ ఉప్పువేసి పదనుచేసిన మాంసమును పలుచని పొరలుగా పేర్చి ఇచ్చునపుడు, పళ్లెములో ఒక ప్రక్కన ఊరిన కీరదోసకాయ ఉండి తీరవలెను. అందులో నూనె లేదు, కారము లేదు. పాత పద్ధతిలో చేసిన దానిలో చుక్క వెనిగర్ కూడ ఉండదు. నీరు, ఉప్పు, వెల్లుల్లి, సోయికూర, కొన్ని ధనియాలు, మిరియాలు - ఇంతే. వీనిలో ఏదియు పుల్లనిది కాదు. కీరదోసకాయయు పుల్లనిది కాదు. మరి ఆ పులుపు ఎచటినుండి వచ్చినది?

చలిదేశపు అవసరము

ఈ ఊరగాయ పుట్టినిల్లు అమెరికా కాదు. పోలెండు, లిథువేనియా, ఉక్రెయిన్, రష్యా మొదలగు తూర్పు యూరపు దేశములలో శీతకాలము నెలల తరబడి సాగును. నేల గడ్డకట్టి పచ్చని ఆకు మొలవదు. అందుచేత అక్కడివారు వేసవి చివర పండిన కీరదోసకాయలను, క్యాబేజీని పెద్ద కొయ్యపీపాలలో ఉప్పువేసి నేలమాళిగలలో దాచుకొనెడివారు. పేదవాని ఇంట నల్లరొట్టెకు, ఉడికించిన బంగాళాదుంపకు ఇదియే నంజుడు. ఇది యూదులకు మాత్రమే చెందిన విద్య కాదు. పోలిషులు, రష్యనులు, ఉక్రేనియనులు కూడ దీని నెరుగుదురు. వెల్లుల్లిని ధారాళముగా వేయుట యూదుల ఊరగాయకు గుర్తైనది.

1881లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్య తరువాత యూదులపై దాడులు చెలరేగెను. దాడులవలనను, దారిద్ర్యమువలనను, 1881 మొదలు 1924లో వలసలను అరికట్టిన చట్టము వచ్చువరకు, సుమారు 20 లక్షల మంది తూర్పు యూరపు యూదులు అమెరికా చేరిరి. వారిలో అనేకులు న్యూయార్కు నగరపు లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో ఇరుకు గదులలో కాపురముండిరి. ఆ పేటలోని ఎసెక్స్ వీధిలోను, చుట్టుప్రక్కలను ఊరగాయల పీపాలు కాలిబాటమీదికి వచ్చినవి. పోలెండునుండి వచ్చిన ఇసిడోర్ గస్ అను వర్తకుడు 1920లో ప్రారంభించిన దుకాణము వానిలో మిక్కిలి పేరు పొందినది. పెట్టుబడి స్వల్పము, కావలసినవి పీపా, ఉప్పు, కాయలు, ఓపిక. చేతిలో వేరు విద్య లేని కుటుంబములకు ఇది బ్రతుకుతెరువైనది.

డెలిలో ఈ కాయకు చోటు దొరకుటకు మతనియమము కూడ తోడ్పడినది. యూదుల 'కోషర్' నియమము ప్రకారము మాంసమును పాలతో కలిపి తినరాదు. కావున మాంసము వడ్డించు శాలలో వెన్న, జున్ను, మీగడ ఉండవు. ఊరిన కాయ పాలకును చెందదు, మాంసమునకును చెందదు. క్రొవ్వు హెచ్చుగా గల మాంసపు జిడ్డును నాలుకపైనుండి కడిగివేయుటకు పులుపును మించినది లేదు.

ఈ అలవాటు అందరికిని నచ్చలేదు. 1922లో బెర్తా వుడ్ అను ఆహారనిపుణురాలు వలసవచ్చినవారి ఆహారములనుగూర్చి వ్రాసిన గ్రంథములో, యూదులు ఊరగాయలను మితిమీరి తినుచున్నారనియు, అందుచే మృదువైన ఆహారముపై వారికి రుచి పోవుచున్నదనియు ఆక్షేపించెను. ఆ ఆక్షేపణలో నిజమెంత? పీపాలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనినగాని చెప్పలేము.

ఉప్పు చేయు రెండు పనులు

కీరదోసకాయలో నూటికి 95 వంతులు నీరే. చక్కెరలు సుమారు 2 వంతులు. తోటనుండి తెచ్చిన కాయ తొక్కపై కంటికి కనిపింపని జీవులు లక్షలకొలది ఉండును. వానిలో కుళ్లబెట్టు బాక్టీరియా, బూజులు, ఈస్టులే ఎక్కువ. మనకు కావలసిన లాక్టిక్ బాక్టీరియా బహు స్వల్పము. ఈ అల్పసంఖ్యాకులను గెలిపించుటయే ఊరగాయ పెట్టువాని పని.

లీటరు నీటికి సుమారు 50 గ్రాముల ఉప్పు కలిపి, అందు కాయలను ముంచి ఉంచినారనుకొందము. ద్రవాభిసరణమువలన కాయలోని నీరు వెలుపలికి వచ్చును. దానితోపాటు చక్కెరలు కూడ ఉప్పునీటిలోనికి దిగును. ఇది మొదటి పని. కుళ్లబెట్టు బాక్టీరియాలో అనేకము ఆ ఉప్పును తాళలేవు. లాక్టిక్ బాక్టీరియా తాళగలవు. ఇది రెండవ పని. కాయలు పైకి తేలకుండ బరువు పెట్టుదురు. నీటి అడుగున గాలి అందదు గనుక బూజు పెరుగదు. లాక్టిక్ బాక్టీరియాకు గాలితో పనిలేదు.

ఒకరి తరువాత ఒకరు

పీపాలో ఒకే జాతి మొదటినుండి చివరవరకు పనిచేయదు. సాధారణముగా ఉప్పు తక్కువగా నున్నచోట ల్యూకోనాస్టాక్ జాతి ముందుగా విజృంభించును. అది చక్కెరను లాక్టిక్ ఆమ్లముగాను, ఎసిటిక్ ఆమ్లముగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. నీరు మసకబారి, బుడగలు పైకి వచ్చుట అప్పుడే. మన ఇడ్లీపిండిని పొంగించి పులియజేయుటలో ప్రధానపాత్ర వహించునదియు ఈ జాతియే. న్యూయార్కు పీపాకును, మన వంటింటి పిండిగిన్నెకును ఇట్టి చుట్టరికము కలదు.

ఆమ్లము హెచ్చగనే తాను చేసిన పులుపును తానే ఓర్వలేక ఈ జాతి వెనుకంజ వేయును. అప్పుడు పులుపునకు మరింత ఓర్పుగల లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రంగములోనికి వచ్చి, మిగిలిన చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. కొన్ని వారములలో ద్రవపు పి.హెచ్. విలువ 3.5 ప్రాంతమునకు దిగును. ఈ సంఖ్యకు ప్రాణములతో సంబంధమున్నది. బాట్యులిజమ్ అను ప్రాణాంతకమైన వ్యాధిని పుట్టించు బాక్టీరియా కూడ గాలి లేనిచోటనే పెరుగును, కాని పి.హెచ్. 4.6కు దిగువన అది పెరుగజాలదు. కావున పులుపు రుచి మాత్రమే కాదు, కాపలా కూడ.

పులిసిన పాలనుండి లాక్టిక్ ఆమ్లమును 1780లో షీలే వేరుచేసెను. ఆ పులియుట సూక్ష్మజీవుల పనియేనని 1857లో పాశ్చర్ చూపెను. అంతకు శతాబ్దములకు పూర్వమే గృహిణులు కంటితోను, ముక్కుతోను, నాలుకతోను ఈ పనిని నడపుచుండిరి.

సగము పులుపు, నిండు పులుపు

డెలిలో ఊరగాయ రెండు రకములు. 'సగము పులుపు' కాయను తక్కువ ఉప్పులో కొద్దిదినములు ఊరనిచ్చి చల్లనిచోటికి మార్చుదురు. అది పచ్చికాయవలె ఆకుపచ్చగా ఉండి కరకరలాడును. 'నిండు పులుపు' కాయను కొన్ని వారములు ఊరనిత్తురు. దాని రంగు ఆలివ్ పచ్చగా మారును. ఆకుపచ్చకు కారణమైన పత్రహరితపు అణువు నడుమ ఒక మెగ్నీషియమ్ పరమాణువు ఉండును. ఆమ్లము దానిని తొలగించి ఆ స్థానమున హైడ్రోజనును నిలుపును, రంగు మారును. అనగా రంగును చూచి పులుపును అంచనా వేయవచ్చును.

కరకరలాడు గుణమునకు ఆధారము కణములను అంటిపెట్టుకొనియుండు పెక్టిన్. దీనిని కరిగించు ఎంజైములు కాయకు పూవు అంటియుండు కొనలోను, బూజులలోను ఉండును. అందుచేతనే అనుభవజ్ఞులు ఆ కొనను కొద్దిగా కోసివేయుదురు. కొందరు ద్రాక్షాకులనో, ఓక్ ఆకులనో వేయుదురు. వానిలోని టానిన్లు ఆ ఎంజైముల పని నడ్డగించును.

ఇందు అజాగ్రత్త పనికిరాదు. ఉప్పు తగ్గినచో కాయ మెత్తబడి జిగురుకట్టును. మరీ హెచ్చినచో లాక్టిక్ బాక్టీరియా కూడ మందగించును. ఉపరితలమున తెల్లని పొర ఏర్పడనిచ్చినచో, అందలి ఈస్టులు లాక్టిక్ ఆమ్లమును తినివేయును. పులుపు తగ్గగనే కుళ్లు జీవులు మరల తల ఎత్తును. కావున పీపా యజమాని ఆ పొరను ఎప్పటికప్పుడు తీసివేయుచుండవలెను.

మూడు విధముల నిలువ

ఆవకాయలో మామిడికాయ పులుపు పుట్టుకతోనే ఉన్నది. ఉప్పు, ఆవపిండి, కారము, నూనె కలిసి సూక్ష్మజీవులకు నీరును, గాలిని దక్కనీయవు. అంగడిలో సీసాలలో దొరకు దోసకాయకు పులుపు వెనిగర్ రూపమున వెలుపలనుండి వచ్చును. వేడిచేసి మూతవేయుటచే అందు జీవులు నశించును, అది ఎంత దూరమైనను పోగలదు. డెలి కాయ ఈ రెండింటికిని భిన్నము. దాని పులుపు దానిలోనే పుట్టినది, అది ఇంకను సజీవము. చల్లబరచకున్నచో దినదినము పులియుచునే ఉండును. దూరప్రయాణమునకు నిలువని ఈ గుణముచేతను, పేటలోని కుటుంబములు వేరుచోట్లకు తరలిపోవుటచేతను, పీపాల అంగళ్లు తగ్గిపోయి నేడు వ్రేళ్లపై లెక్కింపదగినవిగా మిగిలినవి.

ఇక ఆనాటి ఆక్షేపణ మాట. ఒక్క విషయమున హెచ్చరిక సమంజసమే: ఊరిన కాయలో ఉప్పు ఎక్కువ, రక్తపుపోటు గలవారు మితముగా తినవలెను. కాని ఈ ఊరగాయ నాలుక చాపల్యముకొరకు పుట్టినది కాదు. మంచుపెట్టె లేని కాలమున, ఆరు మాసములు పచ్చని కూర మొలవని దేశమున, విషము చేరకుండ కాయను కాపాడిన ఉపాయమిది. ఈ కాయ పూర్వికులు పుట్టినది భారతదేశమునందే యని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. నేడు కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రైతులు ఊరగాయకై పండించు చిన్న కీరదోసకాయలు ఉప్పునీటిలోను, వెనిగర్‌లోను ఊరి, పీపాలలోను సీసాలలోను సముద్రములు దాటి యూరపు, అమెరికా అంగళ్లకు చేరుచున్నవి.