కంప్యూటరు భాగముల పొంతన



ఇంజనీరింగు చదువుచున్న కుమారుడో మనుమడో సెలవులకు వచ్చి, ఆటలాడుటకును ప్రోగ్రాములు వ్రాయుటకును పనికివచ్చు కంప్యూటరు కావలెననియు, తయారై వచ్చినది వలదనియు, భాగములు విడివిడిగా కొని తానే కూర్చుకొందుననియు చెప్పి, లక్ష రూపాయల పట్టిక యొకటి చేతికిచ్చుట ఇప్పుడు పల్లెలలో సైతము వింత కాదు. డబ్బు పెట్టవలసిన పెద్దకు ఆ పట్టికలోని పేరొక్కటియు బోధపడదు. బోధపడకున్నను, ఆ భాగములు ఒకదానితో నొకటి పొసగునా యని అడుగుటకు తెలిసియుండవలసినది కొంచెమే. దానినే నేడు మనవి చేసెదను.

ఇట్లు కూర్చుకొను పద్ధతికి మూలము 1981లో ఐ.బి.ఎం. కంపెనీ అమెరికాలో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు. ఆ కంపెనీ ఇతరుల భాగములతోనే దానిని నిర్మించి, నిర్మాణ వివరములను గ్రంథముగా ప్రకటించెను. దానివలన పలువురు దానికి తగిన భాగములను చేయ మొదలిడిరి. నేడు ప్రాసెసరు ఒకరిది, బోర్డు వేఱొకరిది, పెట్టె మఱియొకరిది. బండి చేయించినవారికి ఇందలి చిక్కు చెప్పనక్కఱలేదు. ఎంత మేలైన తుమ్మకఱ్ఱతో చేసిన చక్రమైనను నడిమి రంధ్రము ఇరుసునకు సరిపడనిచో బండి కదలదు. వ్యాకరణమందును అంతే: రెండు పదములును సాధువులే కావచ్చును, సూత్రము లేనిచో సంధి కలుగదు. కావున ధర హెచ్చైన భాగము పొసగు భాగమని తలపరాదు.

మొదట చూడవలసినది ప్రాసెసరునకును మదర్‌బోర్డునకును గల పొంతన. ప్రాసెసరు గణనము చేయు చిన్న పలక. బోర్డు మీద అది కూర్చుండు పీఠమునకు సాకెట్ అని పేరు. ఏ.ఎం.డి. కంపెనీ 2022లో తెచ్చిన ఏఎం5 పీఠమున 1718 స్పర్శస్థానములు కలవు. ఇంటెల్ కంపెనీ 2021లో తెచ్చిన పీఠమున 1700, 2024లో తెచ్చిన దానియందు 1851 కలవు. ఒకదానికై చేసిన ప్రాసెసరు వేఱొకదానిలో పనిచేయదు. పీఠము కుదిరినను మఱియొక మెలిక కలదు. బోర్డులో బయాస్ అను చిన్న ప్రోగ్రాము నిలిచియుండును. బోర్డు తయారైన పిమ్మట పుట్టిన ప్రాసెసరును పాత బయాస్ గుర్తింపజాలదు. ఇంటెల్ వారి 1700 పీఠమున 12, 13, 14వ తరముల ప్రాసెసర్లు మూడును కూర్చుండును. కాని 12వ తరము నాడు చేసిన బోర్డు బయాస్ మార్చనిదే 14వ తరము దానితో మేల్కొనదు. ప్రాసెసరు లేకయే పెన్‌డ్రైవుతో బయాస్ మార్చుకొను వసతి కొన్ని బోర్డులకు కలదు. అట్టిది కొనుట మేలు.

తఱుచుగా మోసపోవు చోటు రాము. డీడీఆర్4, డీడీఆర్5 అను రెండు తరములకును స్పర్శస్థానములు 288 మాత్రమే. పొడవులోను భేదము కానరాదు. అయినను అంచుననుండు గాటు చోటు మాఱినది. ఒకటి 1.2 వోల్టులతోను, వేఱొకటి 1.1 వోల్టులతోను పనిచేయును గనుక, పొరపాటున దూర్చకుండుటకే ఆ గాటు. ఏఎం5 బోర్డు డీడీఆర్5ను మాత్రమే స్వీకరించును. 1700 పీఠపు బోర్డులు రెండు విధములుగా వచ్చినవి, కొన్ని డీడీఆర్4కు, కొన్ని డీడీఆర్5కు. మా వీధి యువకు డొకడు బోర్డు ఒక అంగడిలో, రాము వేఱొక అంగడిలో కొని తెచ్చెను. బోర్డు నాలుగవ తరముది, రాము అయిదవ తరముది. పొట్లము విప్పితివి గనుక తిరిగి పుచ్చుకొనమని అంగడివారు చెప్పిరి. వాని తల్లి పాల డబ్బు కొన్నివేలు అట్లు పెట్టెలో పడియున్నవి.

ఇక ఆటకును ప్రోగ్రాము రచనకును కావలసినవి ఒకటి కావు. ఆటయందు తెరమీది బొమ్మను సెకనునకు అఱువది సారులైన క్రొత్తగా చిత్రింపవలెను. ఆ భారము గ్రాఫిక్స్ కార్డుది. వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు పనికి ప్రాసెసరు కోరులును, రామును ముఖ్యములు. రెండును కావలెనన్న పిల్లవాడు డబ్బంతయు కార్డు మీదనే పెట్టిన, ఆటకు వచ్చును గాని చదువునకు రాదు. ఎనిమిది కోరుల ప్రాసెసరు, 16 జీబీ పలకలు రెండు కలిసి 32 జీబీ రాము, మధ్యతరగతి కార్డు ఒకటి యుచితమని నా తలంపు. రామును ఒకే పలకగా కాక జంటగా కొన్నచో రెండు దారుల సమాచారము నడచును.

ఉదాహరణమునకు, 2023లో వచ్చిన రైజెన్ 7 7700 ప్రాసెసరు మీద 65 వాట్లని వ్రాసియున్నను, భారము పడినప్పుడు 88 వాట్ల వఱకు పుచ్చుకొనును. ఆ యేడే వచ్చిన ఆర్‌టీఎక్స్ 4070 కార్డు 200 వాట్లు. తక్కిన భాగములను కలిపిన సుమారు 350 వాట్లగును, అనగా పాత సీలింగు పంకాలు దాదాపు అయిదు. అయినను ఆ కార్డు తయారుచేసిన ఎన్విడియా వారు 650 వాట్ల పవర్ సప్లయిని సూచించిరి. కార్డు క్షణకాలము తన కొలతకు మించి విద్యుత్తును లాగును గనుక ఆ మిగులు వ్యర్థము కాదు. రంగురంగుల దీపములకు డబ్బు పోసి పవర్ సప్లయి దగ్గఱ పొదుపు చేయువారిని చూచిన నాకు కష్టముగా నుండును; అది చెడినచో తనతో తక్కినవానిని గూడ చెఱుపగలదు. తీగ కొనను గట్టిగా లోనికి త్రోయవలెను. 2022లో 4090 కార్డులు వెలువడిన క్రొత్తలో కొన్నిటి కొనలు కరగినవి. పూర్తిగా త్రోయకపోవుట కారణమని ఎన్విడియా వారు చెప్పిరి.

పెట్టె విషయము చిన్నది. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. పెద్ద కార్డులు 300 మిల్లీమీటర్లు దాటును. ప్రాసెసరును చల్లార్చు కూలరు ఎత్తును గూడ కొలుచుకొనవలెను. మన వేసవికి ముందువైపు అద్దము మూసిన పెట్టె కంటె జాలి పెట్టె మేలు. ఎం.2 అను నిల్వపలకలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు జాతులు కలవు. ఆకారము ఒకటియే యైనను, బోర్డు దేనిని అంగీకరించునో చూడవలెను.

డబ్బు చెల్లించుటకు ముందు బోర్డు పూర్తి పేరును, సంఖ్యను వ్రాయించుకొని, తయారీదారు తన వెబ్‌సైటులో నుంచిన ప్రాసెసర్ల పట్టికను, రాము పట్టికను పిల్లవానిచేత తెఱపించి చూడుడు. బయాస్ ఎన్నవ సంఖ్యనుండి ఆ ప్రాసెసరు పనిచేయునో అందే యుండును. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట అన్ని భాగములును ఒకే యంగడిలో కొన్నచో, అక్కడనే కూర్పించి, తెర వెలిగిన పిదప ఇంటికి తెచ్చుకొనవచ్చును. ఇంటిలో కూర్చినప్పుడు తెర వెలుగకున్న వెంటనే గాబరా పడవలదు. తెర తీగను మదర్‌బోర్డునకు తగిలించిరేమో మొదట చూడుడు. ఇంటెల్ ప్రాసెసరు సంఖ్య చివర ఎఫ్ అను నక్షరమున్నచో దానికి స్వయముగా బొమ్మ చూపు శక్తి లేదు. తీగ గ్రాఫిక్స్ కార్డునకే పోవలెను.