చేదు బాదం, తీపి బాదం

మన వీధులలో వెడల్పాటి ఆకులతో నీడనిచ్చు బాదం చెట్టు వేరు. అంగడిలో కొను బాదంపప్పు వేరొక జాతిది, పీచ్ పండుకు దగ్గరి చుట్టము. దీని అడవి రకముల పప్పు చేదు. నమిలినపుడు అందలి అమిగ్డలిన్ విడిపోయి, ప్రాణాంతకమైన హైడ్రోసయనిక్ ఆమ్లము వెలువడును.

తీపి గుణము బహిర్గతము, చేదు అంతర్గతము. చేదును దాచుకొన్న రెండు తీపి చెట్లను సంకరపరచినచో, మెండెల్ లెక్క ప్రకారము సంతతిలో సుమారు నాల్గవవంతు చేదు చెట్లగును. అవి ఏవో తెలియుటెట్లు? విత్తు కొరికి చూచిన లాభము లేదు. పప్పు రుచి అందలి పిండమును బట్టి కాక, తల్లిచెట్టు జన్యువులను బట్టి యుండును. తల్లి తీపిచెట్టు గనుక విత్తులన్నియు తీపియే. కాని తీయని పప్పును నాటినను చేదు చెట్టు రావచ్చును! కావున మొక్కలన్నిటిని కాపు పట్టువరకు 3, 4 ఏండ్లు సాకవలసి వచ్చెడిది. నేల, నీరు, పరిశోధకుని ఆయుర్దాయము, అన్నియు ఖర్చే.

2019లో స్పెయిన్, ఇటలీ, డెన్మార్కు మున్నగు దేశముల శాస్త్రజ్ఞులు బాదం జీనోమును చదివి ఈ గుట్టు విప్పిరి. 8 క్రోమోసోముల కూర్పులో సుమారు 24 కోట్ల డి.ఎన్.ఏ. అక్షరములు కలవు. తీపి రకమునందు వానిలో ఒక్కటి మారుటచే, ఒకానొక ప్రోటీనులో ల్యూసిన్ స్థానమున ఫినైల్ అలనిన్ చేరినది. అమిగ్డలిన్‌ను తయారుచేయు ఎంజైముల జన్యువులను మేల్కొలుపుట ఆ ప్రోటీను పని. మారిన రూపము ఆ పని చేయజాలదు.

చోటు తెలిసినది గనుక, లేత మొక్కనుండి చిన్న ఆకుముక్క తీసి పరీక్షించిన చాలును. చేదు మొక్కలు తోటకు చేరకమునుపే ఏరివేయబడును. దిగుబడి మాత్రము ఒక్క జన్యువు చేతిలో లేదు. దానికై చెట్లను పెంచి, ఏటేట కాపును తూచుచునే యున్నారు.