బండిని ఆపే శాస్త్రం

కారు కొనేవాళ్ళు మైలేజి ఎంత అని అడుగుతారు, పికప్పు ఎలా ఉంది అని అడుగుతారు. బ్రేకు సంగతి అడిగేవాళ్ళు తక్కువ. తొక్కితే ఆగుతుంది గనుక దాని మాట ఎవరికీ గుర్తు రాదు. ఆగని రోజున గుర్తొచ్చి లాభం లేదు. ఈ మధ్య మా కారు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లను మొదటిసారి ఇంటి దగ్గరే మార్చాను. ఆ పని ఎలా చేయాలో, ప్రతి మెట్టు వెనక ఉన్న కారణమేమిటో మిత్రులకు చెప్పాలని ఈ వ్యాసం. ఇందులో వచ్చే శాస్త్రమంతా మనం ఇంటర్మీడియట్‌లో చదివినదే.

అసలు బ్రేకు చేసే పని ఏమిటి? కదిలే వస్తువుకు గతిజశక్తి ఉంటుంది. మనుషులతో కలిపి 1,000 కిలోలున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. లెక్క వేస్తే దాని గతిజశక్తి సుమారు 1,39,000 జౌళ్ళు. కారు ఆగినంత మాత్రాన ఈ శక్తి మాయమైపోదు, శక్తి నిత్యత్వ నియమం అందుకు ఒప్పుకోదు. అది వేడిగా మారి తీరాలి. 1 లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 63 డిగ్రీలదాకా కాచగల వేడి అది. గట్టిగా బ్రేకు వేస్తే అదంతా మూడు నాలుగు సెకన్లలో పుడుతుంది. పైగా శక్తి వేగవర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. బస్సు ఆగినప్పుడు నిలబడినవాళ్ళు ముందుకు తూలినట్టే, బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. అందుచేత ఎక్కువ పని ముందు బ్రేకులదే, ముందుగా అరిగేదీ వాటి ప్యాడ్లే.

చిన్న కార్లకు సాధారణంగా ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. దాని సత్తా లోకానికి బాగా తెలిసింది మాత్రం 1953లో, డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెం గెలిచినప్పుడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెమే డిస్కు. దాన్ని అటూ ఇటూ పట్టుకొనే పట్టకారులాంటిది క్యాలిపర్. ఈ రెండింటి మధ్య ఉండి రాపిడికి గురయ్యే రెండు పలకలే ప్యాడ్లు.

మన కాలి బలం అక్కడిదాకా చేరేది పాస్కల్ నియమం వల్ల. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుంది. ఉదాహరణకు పెడలు వైపు పిస్టను వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లు, క్యాలిపర్ పిస్టనుది 18 అయితే బలం 6 రెట్లవుతుంది. ఊరికే రాదు సుమా! పెద్ద పిస్టను కదిలే దూరం అంతకంత తగ్గిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది. ఇంకో సంగతి. ప్యాడు అరిగినకొద్దీ పిస్టను బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి బ్రేకు ఆయిల్ చేరుతుంది. అందుకే కారు బానెట్ కింద ఉండే డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గుతూ వస్తే, ప్యాడ్లు అరిగాయేమో చూడాలి. లేదా ఎక్కడైనా కారుతున్నదేమో వెతకాలి.

మాది వ్యవసాయ కుటుంబం. ఇంట్లో ఒక పాత మారుతి ఆల్టో ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో మా ఊరి రోడ్డు సగం ధాన్యం ఆరబోతకే పోతుంది. పొద్దుగూకాక రాశుల మీద నల్ల పట్టాలు కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో అవి దగ్గరికొచ్చేదాకా కనిపించవు. నాన్న మా నాన్నమ్మను పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళి తెచ్చేది ఆ రోడ్డు మీదనే. తొక్కినప్పుడల్లా ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమంటున్నదని ఆయనే చెప్పారు. కొన్ని ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు అమర్చి ఉంటుంది. ప్యాడు బాగా అరిగాక అది డిస్కుకు తగిలి అలా అరుస్తుంది. నేను మారుస్తానంటే నాన్న ఒక షరతు పెట్టారు: "చెయ్యరా, కాదన్ను. కానీ బాబాయి పక్కన లేకుండా చక్రం విప్పొద్దు." బాబాయి ముప్ఫై ఏళ్ళుగా ట్రాక్టరు మరమ్మతు చేసుకునే మనిషి.

ఇక పని. కారును చదునైన గట్టి నేల మీద నిలపాలి. మా ఆల్టోకు హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను కాబట్టి ముందు చక్రం లేపినా అది పనిచేస్తుంది. దాన్ని లాగి, ఫస్ట్ గేరులో వేసి, వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయాలి. గాలిలోకి లేచాక చేస్తే చక్రం తిరిగిపోతుంది, కారు జాకీ మీద ఊగుతుంది. జాకీని కంపెనీవాళ్ళు గుర్తు పెట్టిన చోటనే ఆనించాలి. లేపాక కారు బరువును స్టాండు మీదికి దించాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఇటుకలు అసలే వద్దు, పగిలితే క్షణంలో పగులుతాయి. విప్పిన చక్రాన్ని కూడా కారు కిందికి తోసి ఉంచితే అదనపు రక్షణ.

రెండు వైపులూ ఒకేసారి విప్పొద్దు. ఒకవైపు పూర్తయ్యేదాకా రెండోది మనకు నమూనాగా ఉంటుంది. క్యాలిపర్ కింది బోల్టు విప్పితే చాలా కార్లలో అది తలుపులా పైకి లేస్తుంది. పూర్తిగా ఊడి వచ్చే రకమైతే తీగతో పైన కట్టాలి, రబ్బరు గొట్టానికి వేలాడనీయకూడదు. పాత ప్యాడ్లు తీసి కొలవండి. కొత్త ప్యాడుకు రాపిడి పదార్థం దాదాపు 10 మిల్లీమీటర్లుంటే, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చాలి. మావి 2 మిల్లీమీటర్లకు వచ్చాయి. అక్కడి దుమ్మును నోటితో ఊదొద్దు. పూర్వం ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. ఏ ప్యాడైనా సరే, తడి గుడ్డతో తుడవడమే మంచిది.

కొత్త ప్యాడు మందం కాబట్టి బయటికి వచ్చిన పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. పాత ప్యాడును దానికి ఆనించి, వడ్రంగులు వాడే సి-క్లాంపుతో మెల్లగా బిగిస్తే జరుగుతుంది. అప్పుడు ఆయిల్ వెనక్కి పోయి పైన డబ్బాలో పొంగుతుంది. డబ్బా నిండుగా ఉంటే ముందే కొంచెం తీయాలి, ఒలికితే కారు రంగు లేచిపోతుంది. క్యాలిపర్ జారే పిన్నులను శుభ్రం చేసి, బ్రేకులకు ప్రత్యేకంగా అమ్మే గ్రీజు కొద్దిగా రాయాలి. ట్రాక్టరు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. డిస్కు మీద, ప్యాడు ముఖం మీద మాత్రం ఏ గ్రీజూ పడకూడదు. అక్కడ మనకు కావలసింది ఘర్షణ కదా! తర్వాత కొత్త ప్యాడ్లు కూర్చి, క్యాలిపర్ దించి, బోల్టును పుస్తకంలో చెప్పినంత బిగువుకు బిగించాలి. చక్రం నట్లను ఎదురెదురుగా బిగించి, కారు కిందికి దించాక మరోసారి గట్టిగా బిగించాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. పిస్టను వెనక్కి వెళ్ళింది గదా. పెడలు ఒకసారి తొక్కితే అది కదిలేది చాలా తక్కువ దూరమని పైన చెప్పుకున్నాం. కనుక మొదటిసారి తొక్కితే పెడలు నేలదాకా పోతుంది, బ్రేకు మాత్రం పట్టదు. ఇంజను స్టార్టు చేయకముందే పెడలును పదే పదే తొక్కి, అది గట్టిపడిందని నిర్ధారించుకోవాలి. బాబాయి తాళంచెవి తన జేబులో వేసుకొని, "పెడలు గట్టిపడిందాకా ఇది నీకు రాదు" అన్నాడు. పాస్కల్ పేరు ఆయన వినలేదు, నియమం మాత్రం ఆయనకు క్షుణ్ణంగా తెలుసు.

ఆ తర్వాత ఆయిల్ మట్టం సరిచూసి, ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు మెల్లగా తగ్గిస్తూ పదిసార్లు బ్రేకు వేయాలి, నడుమ చల్లారనివ్వాలి. అప్పుడు ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి కుదురుకుంటాయి.

తొక్కినా పెడలు మెత్తగానే ఉన్నా, ఎక్కడైనా తడి కనిపించినా, డిస్కు మీద లోతైన గాళ్ళు పడినా కారు కదల్చకుండా మెకానిక్కును పిలవాలి. చేయగలిగింది ఎంతో తెలియడం ఎంత అవసరమో, ఎక్కడ ఆగాలో తెలియడమూ అంతే అవసరం. పరీక్షలో పాస్కల్ నియమం తప్పు రాస్తే పోయేది నాలుగు మార్కులు. చక్రం దగ్గర అదే నియమాన్ని మరిచిపోతే పోయేది మార్కులు కావు. అందుకని మిత్రులారా, పని మనం చేసినా మెకానిక్కు చేసినా, ఆ మెట్లు ఎందుకున్నాయో తెలుసుకొని ఉందాం. మెకానిక్కు తాళం మన చేతికిచ్చినప్పుడు కూడా, బయలుదేరే ముందు పెడలు ఒకసారి తొక్కి చూసుకుందాం.