ఈనే కుందేలుతో జాగ్రత్త

పెరట్లో కుందేళ్లు పెంచే రైతులు ఈత సమయంలో ఏమరుపాటుగా ఉంటే పిల్లలు దక్కవు. జతకు ఆడకుందేలునే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. తన బోనులోకి మగది వస్తే ఆడది కరుస్తుంది. జత కట్టించిన తేదీ రాసి పెట్టుకోండి. సుమారు 31 రోజులకు ఈనుతుంది. 28వ రోజున బోనులో ఎండుగడ్డి పరిచిన చెక్కపెట్టె ఉంచండి. తల్లి పొట్టమీది వెంట్రుకలు పీకి అందులో పరుచుకుంటే కంగారుపడొద్దు, అది జబ్బు కాదు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నీళ్లు చాలకపోయినా, కుక్కలూ పిల్లులూ బెదరగొట్టినా తల్లి తన పిల్లల్నే తినేసే ప్రమాదముంది. పాలు రోజుకు ఒకటి రెండుసార్లే ఇస్తుంది. పిల్లల పొట్టలు నిండుగా కనిపిస్తే చాలు. చనిపోయిన పిల్లల్ని వెంటనే తీసేయండి. తల్లి మేత మానేసినా, పొదుగు గట్టిపడి వేడిగా ఉన్నా ఆలస్యం చేయక పశువైద్యునికి చూపించండి.