తప్పించగల ప్రమాదానికి విధి అని పేరు పెట్టవద్దు

భూపాలపల్లి పట్టణం షిఫ్టుల లెక్కన బతుకుతుంది. కాకతీయ ఖని గనులలో ఒక జట్టు పైకి వస్తుండగా మరొక జట్టు లోపలికి దిగుతుంది. సమీపంలోని చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం రాత్రీ పగలూ నడుస్తుంది. బొగ్గు తీసేవారు, లారీ డ్రైవర్లు, బెల్టుల వద్ద పని చేసే కాంట్రాక్టు కార్మికులు, షెడ్లలోని వెల్డర్లు - ఏదో ఒక రూపంలో ప్రమాదానికి చేరువగా పని చేసే మనిషి లేని వీధి ఇక్కడ అరుదు. ఆ మనిషి రావడం ఆలస్యమైతే గుమ్మం వైపు చూసే తల్లీ, ఇల్లాలూ ఆ వీధులలోనే ఉన్నారు.

2021 ఏప్రిల్‌లో ఇక్కడి కేటీకే-6 గనిలో పైకప్పు కూలి ఇద్దరు కార్మికులు మరణించారు. అదే ఏడాది నవంబరు 10న మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లోని ఎస్సార్పీ-3 గనిలో నలుగురు, 2022 మార్చి 7న పెద్దపల్లి జిల్లాలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు పైకప్పు కూలడం వల్లనే ప్రాణాలు కోల్పోయారు. అడ్రియాల మృతులలో ఒక భద్రతాధికారి కూడా ఉన్నారు. ఏడాది గడవకముందే సింగరేణి గనులలో మూడు చోట్ల తొమ్మిది మంది ఇలా వెళ్లిపోయారు. అంతకు ముందు 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది మరణించిన సంగతి బొగ్గు ప్రాంతంలోని పెద్దలెవరూ మరచిపోలేదు.

ఈ ప్రమాదాల కారణాలను తేల్చడం విచారణాధికారుల పని. మనం ఇక్కడ మాట్లాడుకోవలసింది ప్రతిరోజూ జరుగుతూ ఎవరి విచారణకూ రాని చిన్న చిన్న ఉల్లంఘనలను గురించి. ఎందుకంటే పరామర్శకు వెళ్లిన ప్రతి ఇంటా ఒకే మాట వినిపిస్తుంది: "అంతా విధి, నసీబులో అంతే రాసి ఉంది." దుఃఖంలో ఉన్నవారికి ఆ మాట ఓదార్పే. అయితే అదే మాట బతికి ఉన్నవారి నోట సాకుగా మారితే, రేపటి మరణానికి అది దారి వేస్తుంది.

పైకప్పు కింద ఒక్క నిమిషం

బొగ్గు తీసిన తరువాత కొత్తగా బయటపడిన పైకప్పు అన్నిటికంటే ప్రమాదకరమైనది. పైన ఉన్న రాతి పొరల బరువు అప్పటిదాకా బొగ్గు మీద ఆని ఉండేది. బొగ్గు పోగానే ఆ బరువు పక్కలకు సర్దుకుంటుంది, పొరలు విడిపోవడం మొదలవుతుంది. అందుకే కర్రతో తట్టి చూడాలి. గట్టి రాయి ఖణేల్మని పలుకుతుంది, పొర విడిన రాయి డొల్లగా మోగుతుంది. వదులు రాతిని దించి, రూఫ్ బోల్టులు వేసి, సపోర్టు నిలబెట్టిన తరువాతనే మనిషి దాని కిందికి వెళ్లాలి.

ఈ నియమం తెలియని గని కార్మికుడు లేడు. అయినా, "నిమిషం పనే కదా, ఆ పార తీసుకుని వచ్చేస్తాను" అని సపోర్టు లేని కప్పు కిందికి వెళ్లేవారు ఉన్నారు. బొగ్గు పూర్తిగా తీసి కూలిపోవడానికి వదిలిన ప్రాంతాన్ని గోఫ్ అంటారు. దాని ముందు కట్టిన కంచెను దాటేవారూ ఉన్నారు. వందసార్లు ఏమీ జరగకపోవడమే వారికి ధైర్యం. ఆ వందసార్లలో ఏ ఒక్కసారీ పైకప్పు వారికి మాట ఇవ్వలేదన్న సంగతి వారు ఆలోచించరు.

ఒక నిప్పురవ్వ, ఒక బెల్టు, ఒక స్విచ్చు

బొగ్గు పొరలలో మీథేన్ వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది 5 నుండి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. అందుకే 1.25 శాతానికి చేరగానే కరెంటు ఆపి మనుషులను వెనక్కి పంపాలని నియమం. గాలిలోకి లేచిన బొగ్గు పొడి కూడా పేలుడు పదార్థమే. ఆ పొడి మీద సున్నపురాయి పొడి చల్లడం అందుకే. ఇంత జాగ్రత్త పడే చోటికి బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ దాచుకుని దిగడం ఒక్కడి తప్పుగా మిగలదు. ఆ షిఫ్టులో ఉన్నవారందరి ప్రాణాలను పణంగా పెట్టడమవుతుంది.

గని పైన కూడా పరిస్థితి వేరుగా లేదు. నడుస్తున్న కన్వేయర్ బెల్టు మీద ఎక్కి ప్రయాణించడం, దానిని ఆపకుండానే రోలర్ల కింద పడిన బొగ్గు తీయడం, రక్షణ జాలీ విప్పి మళ్లీ బిగించకపోవడం ఎక్కువగా కనిపించే ఉల్లంఘనలు. వదులు చొక్కా అంచు రోలర్‌లో చిక్కితే చేయి వెనక్కి తీసుకునేంత వ్యవధి ఉండదు. యంత్రం బాగుచేసేటప్పుడు స్విచ్చు ఆపితే చాలదు. దానికి తాళం వేసి, తాళం చెవి పని చేసేవాని జేబులోనే ఉంచుకోవాలి. లేకపోతే సంగతి తెలియని మరొకరు వచ్చి స్విచ్చు వేస్తారు.

ఓపెన్‌కాస్ట్ గనులలో ఇల్లంత ఎత్తు డంపర్లు తిరుగుతాయి. డ్రైవరుకు తన బండి పక్కన, వెనుక నిలబడిన మనిషి కనబడడు. వెనక్కి వచ్చేటప్పుడు మోగవలసిన అలారం చెడిపోతే, "రేపు చూద్దాం" అన్న మాట మీద ఆ బండి ఇంకొక షిఫ్టు నడుస్తుంది.

మన షెడ్ల సంగతి

గనికి తనిఖీ అధికారులు వస్తారు. మన పిల్లలు పని నేర్చుకునే వెల్డింగ్ షెడ్డుకు, మెకానిక్ దుకాణానికి ఎవరు వస్తారు? ఖాళీ డీజిల్ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టడం ఎన్నో చోట్ల ప్రాణాలు తీసింది. లోపల డీజిల్ లేకపోయినా ఆవిరి ఉంటుంది, మంట తగలగానే అది పేలుతుంది. ట్యాంకును బాగా కడిగి, ఆవిరి మిగలలేదని నిర్ధారించుకోనిదే మంట దగ్గరికి తేకూడదు. గ్రైండర్‌కు గార్డు తీసేయడం, కళ్లద్దాలు లేకుండా ఆర్క్ వెల్డింగ్ చేయడం, లారీ టైరుకు గాలి నింపుతూ రిమ్ముకు ఎదురుగా కూర్చోవడం కూడా ఈ కోవలోనివే. 18 ఏళ్లు నిండని పిల్లవాడిని గనిలో పనికి దించడం చట్టం ప్రకారం నేరమని మనకు తెలుసు. 14 ఏళ్ల బాలుడిని గ్యాస్ కట్టర్ దగ్గర నిలబెట్టినప్పుడు మాత్రం "పని నేర్చుకుంటున్నాడు" అంటున్నాం.

మూసి ఉన్న ట్యాంకు, గొయ్యి, పాడుబడ్డ బావి - వీటిలో పడినవారి కోసం వెంటనే దూకే రెండవ మనిషి కూడా తరచు మరణిస్తాడు. విషవాయువో, ప్రాణవాయువు లేమో మొదటివానిని పడేస్తే, అదే రెండవవానినీ పడేస్తుంది. సాహసం చేయడానికి ముందు సహాయం పిలవాలి.

నమ్మకమూ జాగ్రత్తా

దైవం మీద భారం వేయడమంటే జాగ్రత్త వదలడమని కొందరు అనుకుంటున్నారు. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో అంటువ్యాధి వార్త విని వెనుదిరిగిన సంఘటన మనలో చాలామంది విన్నదే. విధి నుండి పారిపోతున్నారా అని అడిగినవారికి, దైవం నిర్ణయించిన ఒక దాని నుండి ఆయనే నిర్ణయించిన మరొక దాని వైపే వెళుతున్నామన్న అర్థంలో ఆయన బదులిచ్చారు. పిట్టగోడ లేని మిద్దె మీద పడుకునే మనిషి తన క్షేమానికి తానే బాధ్యుడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ దృష్టితో చూస్తే రూఫ్ బోల్టు, హెల్మెట్, తాళం వేసిన స్విచ్చు నమ్మకానికి అడ్డు కావు. ప్రాణం మన చేతిలో ఉంచిన అమానతు గనుక, వాటిని వాడడం ఆ అమానతును కాపాడడమే.

బాధ్యత అందరిదీ, సమానంగా కాదు

తప్పంతా కార్మికునిదే అనడం కూడా అన్యాయం. ఉత్పత్తి లక్ష్యం కోసం తొందరపెట్టే అధికారి, శిక్షణ ఇవ్వకుండానే పనిలో దించే కాంట్రాక్టరు, చిరిగిన బూట్లకు బదులు కొత్తవి ఇవ్వని యజమాని - వీరి బాధ్యత పెద్దది. గనిలో చేరేవారికి ముందుగా శిక్షణ ఇవ్వాలని 1966 నాటి వృత్తి శిక్షణ నియమాలు చెబుతున్నాయి. పెద్ద గనులలో కార్మిక ప్రతినిధులతో భద్రతా కమిటీ ఉంటుంది, కార్మికుల తరపు ఇన్‌స్పెక్టరు ఉంటారు. లోపం కనిపించినప్పుడు ఒంటరిగా గొడవపడే బదులు వారికి చెప్పి, పుస్తకంలో రాయించాలి. రాతలో ఉన్న ఫిర్యాదును కాదనడం కష్టం.

ప్రమాదం జరిగితే పరిహారం ఎవరి దయా కాదు. 1923 నాటి పరిహార చట్టం నుండి వస్తున్న సూత్రం ప్రకారం, కాంట్రాక్టు కార్మికుని విషయంలో అసలు యజమాని కూడా బాధ్యుడే. దావాకు రెండేళ్ల గడువు ఉంది. దుఃఖంలో ఉన్న కుటుంబం చేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకునేవారి విషయంలో బంధువులు, మసీదు పెద్దలు అప్రమత్తంగా ఉండాలి.

ఇంటి వారి వంతు

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషికి పగటి నిద్ర హక్కు. ఆయన పడుకున్న గదిలో టీవీ పెట్టడం, పెళ్లిళ్లకనీ బజారుకనీ లేపడం రాత్రికి నిద్రమత్తుగా గనిలోకి పంపడమే. జీతమెంత, ఓటీ ఎంత అని అడిగే ఇంట్లో ఇంకొక ప్రశ్న కూడా వినిపించాలి: "ఈరోజు పని చోట ఏది సరిగా లేదు? ఎవరికైనా చెప్పారా?" ఆ ప్రశ్నకు ప్రతిరోజూ జవాబు చెప్పవలసిన తండ్రి సపోర్టు లేని పైకప్పు కిందికి వెళ్లేముందు ఒకసారి ఆగుతాడు. అడగడానికి చదువు అవసరం లేదు, డబ్బు అవసరం లేదు. అడగకుండా ఉండిపోయి, తరువాత విధిని నిందించడం మాత్రం మనకు తగదు.